కొన్న వాట్లు, వచ్చే వాట్లు

(స్మారకోపన్యాస పాఠం)

 

ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఎలక్ట్రికల్ కొలతలు చెప్పారు. ల్యాబులో మీటరు చేతికిచ్చే ముందు దాని వెనక అతికించిన కాలిబ్రేషన్ చీటీ చదివించేవారు. గడువు దాటిన మీటరుతో తీసిన రీడింగును రికార్డులో ఎక్కించనిచ్చేవారు కాదు. నిధి ఏర్పాటు చేసిన కుటుంబ సభ్యులు ఒక్కటే అడిగారు, మాట్లాడేవారు తాము చేసిన పని గురించే మాట్లాడాలని. నేను చేసింది సోలార్ ప్యానెళ్లను పరీక్షించే పని. కాబట్టి ఆ పరికరాల గురించి, వాటికి పెరుగుతున్న గిరాకీ గురించి, అందులో మనం ఏం చేయాలన్న దాని గురించి చెబుతాను.

కూరగాయలు కొన్నా, బంగారం కొన్నా కాటా మన కళ్ల ముందే ఉంటుంది. దానిమీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. అనుమానమొస్తే పక్క కొట్లో మళ్లీ తూయించుకోవచ్చు. సోలార్ ప్యానెల్‌ను వాట్ల లెక్కన కొంటాం. 550 వాట్ల ప్యానెల్‌కు, 520 మాత్రమే ఇచ్చే ప్యానెల్‌కు పైకి ఏ తేడా ఉండదు. అదే అద్దం, అదే ఫ్రేము, అదే బరువు. వెనక అతికించిన లేబుల్ మీది అంకెను నమ్మి డబ్బు కడతాం. ఆ అంకెను తూచిన కాటా ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంటుంది. కొనేవాడు దాన్ని ఎన్నడూ చూడడు.

మన దగ్గర సౌరవిద్యుత్తు మాటెత్తితే అందరూ మెగావాట్లే చెబుతారు. గని, శకునాల గ్రామాల దగ్గర 5,900 ఎకరాలకు పైగా పరుచుకున్న కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లతో 2017లో పూర్తయింది. రామగుండంలో ఎన్టీపీసీ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022లో పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది. దేశం మొత్తం మీద 2025 జనవరి నాటికి 100 గిగావాట్లు దాటాం. ఇవన్నీ నిజమైన ఘనతలే. అయితే ఈ పెద్ద అంకెలన్నీ ఒక్కో ప్యానెల్ వెనక ఉన్న చిన్న అంకెలను కూడితే వచ్చినవి. ఆ చిన్న అంకె ఎలా పుడుతుందో ముందు చూద్దాం.

తయారీ లైను చివర ఒక చీకటి గది లాంటి యంత్రం ఉంటుంది. దాన్ని సన్ సిమ్యులేటర్ అంటారు, పనివాళ్లు ఫ్లాష్ టెస్టర్ అంటారు. కన్వేయర్ మీద వచ్చిన ప్యానెల్ లోపలికి వెళ్తుంది, దాని రెండు వైర్లకు కాంటాక్టులు తగులుకుంటాయి, ఒక్క మెరుపు మెరుస్తుంది. సెకనులో చిన్న భాగం అంతే. ఆ కాస్తలోనే యంత్రం ప్యానెల్‌ను షార్ట్ సర్క్యూట్ నుంచి ఓపెన్ సర్క్యూట్ దాకా నడిపించి, ప్రతి వోల్టేజి దగ్గరా ఎంత కరెంటు వస్తోందో కొలిచి ఒక వక్రరేఖ గీస్తుంది. ఆ గీత మీద వోల్టేజీ, కరెంటుల లబ్ధం ఎక్కడ గరిష్ఠమో అదే ప్యానెల్ వాటేజి. ప్రింటర్ లేబుల్ ముద్రిస్తుంది. ప్యానెల్ ప్యాకింగుకు వెళ్లిపోతుంది.

ఈ కొలతకు ప్రపంచమంతా ఒప్పుకున్న షరతులు మూడున్నాయి. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుతురు దాటే వాతావరణానికి ఒకటిన్నర రెట్లు దాటి వచ్చిన ఎండలో ఉండే రంగుల పాళ్లు. ఈ మూడూ మన ఊరి డాబా మీద కలిసి దొరకవు. మే నెలలో కర్నూలు ఎండకు వెలుతురు సరిపోతుంది కానీ ప్యానెల్ లోపల సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. మామూలు మోనో ప్యానెల్ డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున శక్తి కోల్పోతుంది. అంటే 40 డిగ్రీల తేడాకు 14 శాతం. 550 వాట్ల ప్యానెల్ ఆ మధ్యాహ్నం 473 వాట్లకు దిగివస్తుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు, సిలికాన్ స్వభావమే అంత. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ అనుకునే మన జనానికి ఈ సంగతి చెప్పే బాధ్యత మాత్రం అమ్మేవాళ్ల మీద ఉంది. చాలామంది చెప్పరు.

సిమ్యులేటర్ మెరుపు అసలు ఎండకు ఎంత దగ్గరగా ఉందో తేల్చడానికి ఐఈసీ 60904-9 అనే ప్రమాణం ఉంది. రంగుల పాళ్లు, ప్యానెల్ అన్ని మూలలా వెలుతురు సమానంగా పడటం, కొలిచేంతసేపూ అది నిలకడగా ఉండటం అనే మూడు విషయాల్లో యంత్రానికి గ్రేడు ఇస్తారు. పాత ‘ఏ’ గ్రేడులో వెలుతురు హెచ్చుతగ్గులు 2 శాతం దాకా ఒప్పుకునేవారు. 2020 సవరణలో ఏ ప్లస్ అనే కొత్త గ్రేడు తెచ్చి దాన్ని 1 శాతానికి బిగించారు.

ఒక్క శాతానికి ఇంత పట్టుదల ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. ఏడాదికి 1 గిగావాట్ ప్యానెళ్లు చేసే ఫ్యాక్టరీని తీసుకోండి. దాని కాటా ఒక్క శాతం ఎక్కువ చూపిస్తే లేని 10 మెగావాట్లు, అంటే కోటి వాట్లు అమ్ముడుపోతాయి. వాట్ 15 రూపాయలు అనుకుంటే ఏడాదికి 15 కోట్లు. తక్కువ చూపిస్తే అంత సొమ్ము ఫ్యాక్టరీ పోగొట్టుకుంటుంది. అందుకే మంచి ఫ్యాక్టరీలో ‘గోల్డెన్ మాడ్యూల్’ అని ఒక ప్యానెల్‌ను ఎండ తగలకుండా బీరువాలో నగలా దాస్తారు. దాన్ని జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ లాంటి సంస్థకు పంపి కొలిపించి, ఆ కొలతతో తమ యంత్రాన్ని సరిచూసుకుంటారు. ఆ సంస్థ పరిశోధనశాలలో కూడా ప్యానెల్ కొలతకు దాదాపు 1.1 శాతం అనిశ్చితి ఉంటుంది. ప్రపంచంలో అతి జాగ్రత్తగా తూచేవారి కాటా అది. దానికింద ఉన్నవాటి సంగతి ఊహించుకోండి.

ఇక గిరాకీ మాట. 2022లో ప్రపంచంలోని మొత్తం సౌరవిద్యుత్ సామర్థ్యం 1 టెరావాట్ దాటింది. రెండో టెరావాట్‌కు రెండేళ్లు చాలాయి. మన దేశంలో కేంద్రం ఆమోదించిన తయారీదారుల జాబితా, ఏఎల్ఎంఎం అంటామే, అందులోని ఫ్యాక్టరీల సామర్థ్యం 2025 ఆగస్టుకు 100 గిగావాట్లకు చేరింది. ఆ ఫ్యాక్టరీలు పూర్తిగా నడిస్తే ఏడాదికి 18 కోట్ల ప్యానెళ్లు. ప్రతి ప్యానెల్‌కూ ఒక మెరుపు, లామినేషన్‌కు ముందొకటి, తర్వాతొకటి సెల్ లోపాలు చూపే ఫొటో, ఇన్సులేషన్ పరీక్ష తప్పవు. హైదరాబాద్ శివార్లలో ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి సంస్థల లైన్లలోనూ ఇదే వరస. బీఐఎస్ రిజిస్ట్రేషన్‌ను 2017 ఉత్తర్వు తప్పనిసరి చేసింది. ఇవన్నీ పరికరాల గిరాకీని పెంచాయి.

కానీ నా అనుభవంలో ఈ మార్కెట్‌ను ముందుకు నెట్టేది ప్యానెళ్ల సంఖ్య కాదు, సెల్ మారడం. పదేళ్ల కిందటి సెల్‌కు 10 మిల్లీసెకన్ల మెరుపు సరిపోయేది. ఇప్పుడు వస్తున్న టాప్‌కాన్, హెటెరోజంక్షన్ సెల్‌లు ఛార్జిని ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. మెరుపు త్వరగా ముగిస్తే సెల్ ఇంకా కుదుటపడకముందే కొలత అయిపోతుంది. వోల్టేజిని కింది నుంచి పైకి తీసుకెళ్తే వాట్లు తక్కువ చూపిస్తుంది, పై నుంచి కిందికి తెస్తే ఎక్కువ చూపిస్తుంది. ఒకే ప్యానెల్‌కు రెండు వాటేజీలు! పాత యంత్రంతో కొత్త ప్యానెల్‌ను కొలిచే ఫ్యాక్టరీ అబద్ధమాడాలనుకోకపోయినా లేబుల్ మీద అబద్ధం పడుతుంది. అందుకే క్సీనాన్ దీపాల స్థానంలో వెలుతురును ఎక్కువసేపు నిలపగల ఎల్ఈడీ సిమ్యులేటర్లు వస్తున్నాయి. రెండు వైపులా వెలుతురు తీసుకునే బైఫేషియల్ ప్యానెళ్లు వచ్చాక వెనక వైపును ఎలా లెక్కించాలో చెబుతూ 2019లో మరో ప్రమాణం వచ్చింది. రేపు పెరోవ్‌స్కైట్ ట్యాండెమ్ సెల్‌లు వస్తే వెలుతురులోని రంగులనే విడివిడిగా సరిచేసుకోగల యంత్రాలు కావాలి. ఇప్పటిదాకా ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం చైనా, యూరప్, జపాన్‌ల నుంచే తెచ్చుకుంటున్నాం. ప్యానెల్‌ను స్వదేశీ చేసుకుని, దాన్ని తూచే కాటాను దిగుమతి చేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పరీక్షల వల్ల అసలు ఒరిగేదేమిటని అడిగేవారికి ఒక పాత ఉదాహరణ చెబుతాను. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1975లో కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి ఒక పని అప్పగించింది. ప్రభుత్వం విడతలుగా ప్యానెళ్లు కొంటుంది, ఒక్కో విడతకు పరీక్షలు కఠినం చేస్తుంది. చలికీ వేడికీ మార్చి మార్చి గురిచేయడం, తేమలో ఉడికించడం, మంచు గుండ్లతో కొట్టడం ఆ విడతల్లోనే మొదలయ్యాయి. అయిదో విడత పరీక్షల కంటే ముందు తయారైన ప్యానెళ్లలో 45 శాతం పాడైపోగా, ఆ పరీక్షలు నెగ్గిన రకాల్లో పాడైనవి 0.1 శాతం కంటే తక్కువని 1990లలో లెక్క తేల్చారు. సెల్ అదే సిలికాన్ సెల్. మారినదల్లా కొనేవాడు పరీక్ష అడగడమే.

ఆ పరీక్షలే యూరప్‌లో ఇటలీలోని ఇస్ప్రా పరిశోధనశాల మీదుగా 1993లో ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడ్డాయి. మనకు అది ఐఎస్ 14286. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 చక్రాలు. 25 మిల్లీమీటర్ల మంచు గుండు సెకనుకు 23 మీటర్ల వేగంతో. ఇవన్నీ చేయడానికి పెద్ద ఛాంబర్లు, గాలి తుపాకులు, నెలల సమయం కావాలి. అయినా ఈ పరీక్ష నెగ్గిన ప్యానెల్ 25 ఏళ్లు బతుకుతుందని ఆ ప్రమాణమే ఎక్కడా హామీ ఇవ్వదు. మొదటి కొన్నేళ్లలో చచ్చిపోయే రకాన్ని వడగట్టడమే దాని పని. 2019 మేలో టెక్సస్‌లోని మిడ్‌వే ప్లాంటు మీద పెద్ద వడగళ్లు పడి దాదాపు 7 కోట్ల డాలర్ల బీమా నష్టం వచ్చింది. అప్పటినుంచి బీమా కంపెనీలు ఇంకా పెద్ద గుండుతో పరీక్షించమంటున్నాయి.

ఇప్పటిదాకా చెప్పింది ఫ్యాక్టరీ గోడల లోపలి కథ. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది బయటి కథ మీద.

రాయలసీమలో ఒక బడి డాబా మీద బిగించి రెండేళ్లయినా కాని ప్యానెళ్లు సరిగా కరెంటు ఇవ్వడం లేదని కబురొస్తే చూడటానికి వెళ్లాం. పగలు చూస్తే వాటికి వంక పెట్టడానికి లేదు. అద్దాల మీద గీత కూడా లేదు. చీకటి పడ్డాక ఒక్కో ప్యానెల్‌కు బయటి నుంచి కరెంటు ఇచ్చి, పరారుణ వెలుతురును పట్టే కెమెరాతో ఫొటో తీశాం. ప్యానెల్ వెలుతురు తీసుకుని కరెంటిచ్చే వస్తువు కదా, దానికే కరెంటు ఎక్కిస్తే తిరిగి వెలుతురిస్తుంది, మన కంటికి కనిపించనిది. దీన్ని ఎలక్ట్రోల్యూమినిసెన్స్ అంటారు. జపాన్‌లోని నారాలో ఫుయుకి బృందం 2005లో దీనితో సెల్ లోపాలను ఫొటో తీయవచ్చని చూపించింది. తెర మీద బొమ్మ రాగానే హెడ్మాస్టరు గారు దగ్గరికొచ్చి నిలబడ్డారు. తెల్లగా మెరుస్తున్న సెల్‌ల నడుమ నల్లటి చీలికలు, కొన్ని సెల్‌లలో మూల నుంచి మూలకు కొట్టివేత గుర్తులా. ఒక వరసలోని ప్యానెళ్లన్నిటిలోనూ చీలికలు నడిమిలోనే ఉన్నాయి. బిగించినవాళ్లు బోల్టులు అందక ప్యానెళ్ల మీదే అడుగులేసి నడిచారు. అద్దం మనిషి బరువు మోసింది కానీ దాని కింద కాగితమంత పలచని సిలికాన్ మోయలేకపోయింది.

ఆ చీలికల వల్ల మొదటి రోజు వాట్లు తగ్గవు. పగలు వేడికి సాగి, రాత్రి చలికి ముడుచుకుని, ఏడాదికేడాది చీలిక వెడల్పై సెల్‌లో ఒక ముక్క విడిపోతుంది. అప్పుడు కరెంటు తగ్గుతుంది, ఆ చోట వేడి పుడుతుంది. మర్నాడు ఎండలో ఐవీ కర్వ్ ట్రేసర్ తగిలించాం. బ్రీఫ్‌కేసంత పెట్టె అది. ఫ్యాక్టరీ యంత్రం చేసిన పనే డాబా మీద చేస్తుంది. మంచి ప్యానెల్ గీత బల్లపరుపుగా వెళ్లి ఒక్కసారి కిందికి వంగుతుంది. ఆ ప్యానెళ్లలో కొన్నింటి గీతలో మెట్టు వచ్చింది. మెట్టు కనిపిస్తే ప్యానెల్‌లోని మూడు భాగాల్లో ఒకదాన్ని బైపాస్ డయోడ్ పక్కన పెట్టేసిందని అర్థం. గీత చివర వాలు మందగిస్తే కనెక్షన్లలో నిరోధం పెరిగిందని. ఈ గీత చదవడం వస్తే ప్యానెల్ ఎక్కడ దెబ్బతిన్నదో విప్పకుండానే చాలావరకు చెప్పవచ్చు. మా మాస్టారి విద్యార్థులకైతే ఒక్క పూటలో వచ్చే విద్య.

ఐఐటీ బాంబేలోని సౌరవిద్యుత్ పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఆర్‌ఈ, గురుగ్రామ్ దగ్గర గ్వాల్ పహాడీలోని జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013, 2014, 2016, 2018లలో దేశమంతా తిరిగి ప్యానెళ్లను ఇలాగే కొలిచాయి. వేడి ప్రాంతాల్లో క్షీణత ఎక్కువ. పెద్ద ప్లాంట్ల కంటే డాబాల మీది చిన్న వాటిలో ఎక్కువ. ఈ రెండు మాటలూ మన రెండు రాష్ట్రాలను ఉద్దేశించి చెప్పినట్టే ఉంటాయి. ఇళ్ల డాబాల మీద సోలార్ పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అంటే వేడి ప్రాంతాల్లో, చిన్న డాబాల మీద, తొందరగా బిగించిన ప్యానెళ్లు లక్షల సంఖ్యలో పెరుగుతున్నాయి.

పెద్ద ప్లాంటుకు కొలిచే మనుషులున్నారు. అక్కడ ఎండను కొలవడానికి పైరనోమీటర్ ఉంటుంది. దాని కొలతల వంశం స్విట్జర్లాండ్‌లోని దావోస్ దాకా వెళ్తుంది, అయిదేళ్లకోసారి ప్రపంచ దేశాల పరికరాలు అక్కడ కలిసి సరిచూసుకుంటాయి. పుణెలో మన వాతావరణ శాఖ, చెన్నైలో జాతీయ పవనశక్తి సంస్థ (నివే) ఈ పరంపరను మన దగ్గర నిలబెడుతున్నాయి. అయినా ఒక చిన్న విషయం ఎంతటి ప్లాంటునైనా తప్పుదారి పట్టిస్తుంది. పైరనోమీటర్ గాజు బుర్ర మీద దుమ్ము పేరుకుంటే ఎండ తక్కువని చూపిస్తుంది. తక్కువ ఎండకు ఇంత కరెంటా అని ప్లాంటు పనితీరు బాగున్నట్టు కనిపిస్తుంది. కాగితం మీద నిష్పత్తి మెరుగవుతుంది, నిజంగా జరుగుతున్న నష్టం దాక్కుంటుంది. ప్రతి ఉదయం ఆ గాజును మెత్తటి గుడ్డతో తుడిచే మనిషి ప్లాంటులోని ఏ ఇంజనీరుకూ తీసిపోడని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంటి డాబాకు ఇవేవీ లేవు. వారంటీ కాగితం మాత్రం ఉంది. 25 ఏళ్ల తర్వాత కూడా 80 శాతానికి పైగా ఇస్తుందని, ఏడాదికి అర శాతం నుంచి 0.7 శాతం లోపే తగ్గుతుందని అందులో రాసి ఉంటుంది. ఇంటాయన పదేళ్లకు తన ప్యానెల్ వారంటీలో చెప్పినదానికంటే తగ్గిందని ఎలా రుజువు చేస్తాడు? ఆరుబయట చేతి పరికరంతో తీసిన కొలతలో అటూ ఇటూ 5 శాతం తేడా మామూలే. పదేళ్ల నష్టం చాలావరకు ఆ తేడాలోనే కలిసిపోతుంది. ప్యానెల్ విప్పి గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపితే పరీక్షకు, రవాణాకు అయ్యే ఖర్చు కొత్త ప్యానెల్ ధరను మించవచ్చు. కొలవలేని హామీ హామీ కాదు. పంపుసెట్టుకు ప్యానెళ్లు పెట్టుకున్న రైతు పరిస్థితీ ఇదే.

దీనికి మందు లేకపోలేదు. సిమ్యులేటర్‌ను వ్యానులో అమర్చిన సంచార ల్యాబులు ప్రపంచంలో కొన్నేళ్లుగా నడుస్తున్నాయి. ప్యానెల్‌ను ఊరు దాటించకుండా, నీడలో, అదుపులో ఉన్న వెలుతురులో కొలవవచ్చు. జిల్లాకు ఒకటి చొప్పున డిస్కంలు నడిపితే చాలు. ప్రతి ప్యానెల్‌నూ కొలవనక్కర్లేదు, ప్రతి కాంట్రాక్టరు బిగించిన వాటిలోంచి కొన్నింటిని ముందు చెప్పకుండా ఎంచి కొలిస్తే చాలు. తూనికల శాఖ కొట్ల మీదికి తనిఖీకి వెళ్లేది కూడా అలాగే కదా. సబ్సిడీలో కొంత భాగాన్ని ఆ ఫలితానికి ముడిపెడితే, డాబా మీద ప్యానెల్ తొక్కుతూ నడిచే అలవాటు ఒక్క సీజనులో పోతుంది.

పాలిటెక్నిక్‌ల ప్రిన్సిపాళ్లు ఈ సభలో ఉన్నారు. మీ ల్యాబుల్లో ఒక కర్వ్ ట్రేసర్, ఒక రిఫరెన్స్ సెల్, ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టించండి. ధర ఎక్కువే, కానీ మన ల్యాబుల్లో ఎవరూ ముట్టుకోని వేరే యంత్రాల కంటే తక్కువ. ఎండ చదరపు మీటరుకు 700 వాట్లు దాటినప్పుడే కొలవాలని, రిఫరెన్స్ సెల్‌ను ప్యానెల్ వాలులోనే పెట్టాలని, సెల్ ఉష్ణోగ్రత రాయకుండా రీడింగు రాయకూడదని పిల్లలకు చేతులతో చేయించి నేర్పండి. వచ్చే పదేళ్లలో ఈ పని తెలిసినవాళ్లు మన రెండు రాష్ట్రాలకూ వేల సంఖ్యలో కావాలి.

ఇక ఇంటి మీద ప్యానెళ్లు పెట్టించుకోబోతున్న మీ అందరికీ ఒక మాట. ప్రతి ప్యానెల్ వెనకా సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఫ్యాక్టరీలో తీసిన ఫ్లాష్ రిపోర్టు ఉంటుంది. బిగించేవాళ్లను ఆ రిపోర్టు అడగండి, ఇవ్వకపోతే డబ్బు ఆపండి. ప్యానెళ్లను మెట్ల మీద ఎలా ఎక్కిస్తున్నారో, మీద కాలు వేస్తున్నారేమో దగ్గరుండి చూడండి. బిల్లు, రిపోర్టు, నంబర్ల జాబితా ఒకే కవరులో పెట్టి ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. పదేళ్ల తర్వాత మీ మాట నెగ్గాలంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.